అత్త చెప్పిన తేదీలు

మా రోజుల్లో పీసీఓఎస్ అనే మాట లేదు. జబ్బు మాత్రం ఉండేది. పుస్తకాల్లో ఇద్దరు అమెరికా డాక్టర్ల పేర్లు కలిపి దాన్ని పిలిచేవాళ్లు. నోరు తిరగని ఆ పేర్లతో మాకెందుకని, తిరుపతి ఆసుపత్రిలో మేం దాన్ని "రెండు పేర్ల జబ్బు" అనేవాళ్లం. ఇప్పుడు పదో తరగతి ఆడపిల్లలు కూడా ఎక్కడో చదువుకొని వచ్చి, "మేడమ్, నాకు పీసీఓఎస్ ఉందేమో" అని అడుగుతున్నారు. మంచిదే. అయితే కొత్తగా ఈ పనిలోకి వచ్చిన డాక్టర్లు స్కాను చూసి, రక్తపరీక్ష చూసి, తలెత్తకుండా మందులు రాసి పంపించేయడం కూడా చూస్తున్నాను. వాళ్లకోసమే ఇది రాస్తున్నాను. నా బదిలీలు, నా ప్రమోషన్లు ఇందులో ఉండవు. వాటిమీద నాకే ఆసక్తి లేదు, ఇంకొకరికి ఎందుకుంటుంది?

మా దగ్గర ఉన్నవి

డెబ్బైల మొదట్లో నేను ఉద్యోగంలో చేరినప్పుడు గర్భసంచిని, అండాశయాలను బయటినుంచి చూసే యంత్రం మా జిల్లాలో లేదు. హార్మోన్ల పరీక్ష కావాలంటే రక్తం మద్రాసుకు పంపాలి. మంచుగడ్డల పెట్టెలో పెట్టి బస్సులో పంపితే, అది చేరేసరికి ఏమయ్యేదో ఆ దేవుడికే తెలియాలి. కాబట్టి మా దగ్గర ఉన్నవి కళ్లు, చేతులు, చెవులు. కళ్లూ చేతులూ బాగానే వాడేవాళ్లం.

జబ్బు సంగతి రెండు ముక్కల్లో చెబుతాను. నెలకొక గుడ్డు పండి అండాశయం నుంచి బయటికి రావాలి. ఈ ఆడవాళ్లలో అది సగం పండి అక్కడే ఆగిపోతుంది. అలా ఆగినవన్నీ చిన్న చిన్న బుడగల్లాగా అండాశయం అంచున చేరతాయి. గుడ్డు రాకపోతే ముట్టు తప్పుతుంది. మూడు నెలలకోసారి వస్తుంది, ఆరు నెలలకోసారి వస్తుంది, కొందరికి వస్తే ఆగదు. ఆడవాళ్ల ఒంట్లో కాస్తంత ఉండాల్సిన మగ హార్మోను వీళ్లలో కొంచెం ఎక్కువగా తయారవుతుంది. దానివల్ల గడ్డం కింద, పైపెదవి మీద వెంట్రుకలు, ముఖాన మొటిమలు. చాలామంది లావెక్కుతారు. అందరూ కాదు. ఆ "అందరూ కాదు" అన్న మాట గుర్తు పెట్టుకోండి, అది తెలుసుకోవడానికి నాకు చాలా కాలం పట్టింది.

పెద్ద డాక్టరమ్మ

మా విభాగానికి పెద్దగా ఉన్నావిడను అందరూ పెద్ద డాక్టరమ్మ అనేవాళ్లు. నేనూ ఇక్కడ అలాగే అంటాను. మద్రాసులో చదివారు. కత్తి పట్టుకుంటే ఆవిడ చేతిని చూస్తూ ఉండిపోవాలనిపించేది. ఒక్క చుక్క రక్తం ఎక్కువ పోనిచ్చేవారు కాదు. నోరు మాత్రం చేతిలా ఉండేది కాదు. పేషెంటు అబద్ధం చెబితే ఆవిడకు ఒళ్లు మండేది. "కడుపు చూపించను సిగ్గు లేదు, నిజం చెప్పను సిగ్గా?" అని వరండా దద్దరిల్లేలా అరిచేవారు.

ఆ జబ్బుకు ఆవిడకు తెలిసిన వైద్యం ఒకటే. పొట్ట తెరిచి, రెండు అండాశయాల నుంచి బత్తాయి తొనలాంటి ముక్క ఒక్కొక్కటి కోసి తీసి, కుట్టేయడం. అప్పట్లో లోకమంతా చేసేది అదే, ఆవిడ సొంత పైత్యమేమీ కాదు. చాలామందికి తర్వాత కొన్నాళ్లు ముట్టు సరిగ్గా వచ్చేది, కొందరికి కడుపు నిలిచేది. కొందరికి లోపల పేగులు అతుక్కుని, ఉన్న దారి కూడా మూసుకుపోయేది. అలాంటివాళ్లు మళ్లీ మా దగ్గరికి వచ్చేవాళ్లు కాదు కాబట్టి మా లెక్కలో అందరూ బాగున్నట్టే ఉండేది. మాత్రలతో గుడ్డు పండించే మందు అప్పటికే వచ్చింది. మద్రాసు నుంచి తెప్పించుకోవాలి. పెద్ద డాక్టరమ్మకు దానిమీద నమ్మకం లేదు. "మాత్రలు మింగితే బిడ్డలు పుడతారా? మామిడికాయలా మాగబెట్టను?" అనేవారు.

ఇంకో సంగతి చెప్పాలి. ఓపీలో ఎవరు కూర్చున్నా పద్ధతి ఒకటే. కోడలు తల వంచుకుని నిలబడుతుంది. అత్త స్టూలు మీద కూర్చుని చెబుతుంది. ముట్టు ఎప్పుడు వచ్చింది, ఎన్నాళ్లు ఉంటుంది, నొప్పి ఉందా, ఆకలి ఉందా, అన్నీ అత్తే. మేం రాసుకునేవాళ్లం. వరస గేటుదాకా ఉండేది, అత్త గడగడా చెప్పేస్తుంది, కోడల్ని అడిగితే గొంతు పెగలడానికే పది నిమిషాలు పడుతుంది. పైగా మా ప్రాంతంలో ముట్టయిన ఆడమనిషి మూడు దినాలు బయట చేరుతుంది. వేరే చాప, వేరే చెంబు, వంటింట్లోకి రాకూడదు, ఎవరినీ తాకకూడదు. ఇల్లంతా చూస్తూనే ఉంటుంది కదా, కాబట్టి కోడలి తేదీలు అత్తకు తెలియకుండా ఎలా ఉంటాయని మా ధీమా.

నగరి నుంచి వచ్చిన కోడలు

మునిలక్ష్మి ఆ ధీమా ఉన్న రోజుల్లోనే వచ్చింది. నగరిలో మరమగ్గాల ఇల్లు. ఇంటి వెనక షెడ్డులో మగ్గాలు, ముందు గదిలో నూలు కండెలు చుట్టే పని. మొగుడు ఏకాంబరం మగ్గం దగ్గర, కోడలు కండెల దగ్గర. అత్త కుప్పమ్మ అందరిమీదా. పెళ్లయి నాలుగేళ్లయింది, బిడ్డలు లేరు.

"నెల నెలా వస్తుందా?" అని అడిగారు పెద్ద డాక్టరమ్మ.

"రాకుండా యాడికి పోతాది డాక్టరమ్మా? పున్నమన్నా తప్పుతాదేమో గానీ మా కోడలు బయట సేరేది తప్పదు" అంది కుప్పమ్మ.

మునిలక్ష్మి సన్నటి మనిషి. మా పుస్తకంలో ఆ జబ్బు పేజీలో లావాటి ఆవిడ బొమ్మ ఉండేది. ఈమె గడ్డం కింద పసుపు దట్టంగా ఉండటం, ఆ పసుపులోంచి పీకేసిన వెంట్రుకల మొదళ్లు కనబడటం నేను చూశాను. కానీ మనిషి సన్నం, ముట్టు సక్రమం. ఇక ఆ జబ్బు ఎలా అవుతుంది? పెద్ద డాక్టరమ్మ అదే అన్నారు, అది న్యాయంగానే ఉంది.

ఇక తక్కినవి వెతకడం మొదలైంది. ఏకాంబరాన్ని పరీక్షకు ఒప్పించడానికి వాళ్ల ఊరి పెద్దమనిషి ఒకాయన రావాల్సి వచ్చింది. అతనిలో లోపం లేదు. గర్భనాళాల్లోకి మందు ఎక్కించి ఎక్స్‌రే తీశాం. దారి బాగుంది. చివరికి ముట్టు రాబోయే ముందు గర్భసంచి లోపలి పొరలో ఒక ముక్క గీకి మద్రాసుకు పంపాం. గుడ్డు విడుదలైతే ఆ పొర రూపం మారుతుంది. మారలేదని రిపోర్టు వచ్చింది. ముట్టు గడియారంలా వస్తోంది, గుడ్డు మాత్రం రావడం లేదు. అలా జరగదని కాదు గానీ, చాలా అరుదు.

"ల్యాబువాళ్లు తారుమారు చేసినా చేసింటారు. అయినా పొట్ట తెరిస్తే తెలిసిపోతుంది. అండాశయం పొర గట్టిపడి ఉంటే అక్కడే ముక్క తీసేద్దాం" అన్నారు పెద్ద డాక్టరమ్మ.

కుప్పమ్మ ఆపరేషన్‌కు ఒప్పుకుంది. ఒప్పుకుంటూ ఒక మాట చెప్పింది. "మేము ఆడి నెల దాకా సూస్తాం డాక్టరమ్మా. ఆడి పోయినాక మా బిడ్డ కూతురు ఉండాది, దాన్ని మావోడికి సేసుకుంటాం. ఈమెని తోసేయములే. ఈమె ఒక మూల ఉంటాది."

ఆడి అంటే తమిళుల ఆషాఢం, జూలై ఆగస్టుల్లో వస్తుంది. ఆ పిల్ల ఏకాంబరానికి అక్క కూతురన్నమాట. చట్టం ఒప్పుకోదని నాకు తెలుసు. చట్టాన్ని ఎవరూ పిలవరని కూడా తెలుసు. మునిలక్ష్మి అప్పుడు కూడా తల ఎత్తలేదు.

వరండా చివర

ఆపరేషన్ కోసం వార్డులో చేర్చుకున్న రెండో రోజే మునిలక్ష్మి "బయట చేరింది". తనంతట తానే మంచం దిగి, చాప తీసుకుని, వరండా చివర గోడవార కూర్చుంది. కుప్పమ్మ స్తంభం ఇవతలే ఆగిపోయి, అన్నం పొట్లం నేలమీద పెట్టి చేత్తో జరిపి, వెనక్కి వచ్చేది. ముట్టు రోజుల్లో ఆపరేషన్ చేయరు కాబట్టి వాయిదా పడింది.

నాకు ఒక ఆలోచన వచ్చింది. ముట్టు మొదలైన రోజే గర్భసంచి పొర ముక్క తీసి పంపితే, తేదీ మీద ఎవరికీ అనుమానం ఉండదు. ల్యాబు తప్పో కాదో తేలిపోతుంది. మునిలక్ష్మిని పరీక్ష గదిలోకి తీసుకెళ్లాను. కుప్పమ్మ వెంట రాలేదు. మైలలో ఉన్న కోడలు ఉన్న గదిలోకి ఆవిడ అడుగు పెట్టదు. ఆ చాదస్తం అప్పుడు ఎంత పనికొచ్చిందో తర్వాత తలుచుకుని నవ్వుకున్నాను.

పరీక్ష చేస్తే ముట్టు లేదు. రక్తపు జాడే లేదు.

"ఏం మునిలక్ష్మీ?" అన్నాను.

తలుపు వైపు ఒకసారి చూసింది. తర్వాత, "మా అత్తకు సెప్పొద్దమ్మా" అంది.

"చెప్పను. నీకు ముట్టు ఎప్పుడొచ్చింది?"

"సంక్రాంతి ముందర ఒకతూరి వచ్చినాది. అంతకు ముందర ఎప్పుడో. నాకు నెల నెలా యాడ వస్తాదమ్మా? పెద్దమనిషి అయిన కాణ్ణుంచి ఇంతే."

"మరి ప్రతినెలా బయట ఎందుకు కూర్చుంటున్నావు?"

అప్పుడు చెప్పింది. గొంతులో ఏడుపు లేదు, ఎవరి సంగతో చెబుతున్నట్టు చెప్పింది. "పెండ్లయిన కొత్తల్లో మూన్నెల్లు రాలా. మా అత్త కడుపనుకున్నాది. వీదంతా సెప్పుకున్నాది. మా నాయనకి కబురు పంపినాది. గాజులోళ్లని పిలిపించి సేతులనిండా గాజులేయించినాది. నాకేం తెలుసు? నేను గూడా కడుపే అనుకున్నా. నాలుగో నెల వచ్చేసినాది. కడుపు నిలుపుకోలేకపోయినానని అందరూ నన్నే అన్నారు. యేడాదికి మళ్లా అట్నే అయినాది. మా అత్త అన్నం తినకుండా పండుకున్నాది. ఇంగ మూడోతూరి ఎందుకమ్మా ఈ పాడు ఆశ అని, నేనే పోయి బయట కూసున్నా. పక్కింట్లో మల్లిక బయట సేరిన మర్నాడు నేనూ సేరతా. లెక్క తప్పకుండా ఉంటాది కదా."

రాని ముట్టును వచ్చినట్టు నటించే మనిషిని అంతకుముందు నేను చూడలేదు. తర్వాత అడగడం నేర్చుకున్నాక, ఇంకా కొందరిని చూశాను. ఒక చోట అత్త భయం, ఒక చోట మూడు దినాలన్నా నడుము వాలుద్దామన్న ఆశ. మునిలక్ష్మికి కూడా అది ఉంది. "ఆ మూడు దినాలూ కండెలు సుట్టే పన్లేదు. సేతులకి కొంచెం హాయి" అంది, తప్పు ఒప్పుకుంటున్నట్టు.

"ఇన్నాళ్లుగా తిరుగుతున్నావు, ఇన్ని పరీక్షలు చేశాం, ఒక్కసారైనా మాకు చెప్పొచ్చు కదా?"

మునిలక్ష్మి మొదటిసారి నా ముఖంలోకి చూసింది. "మీరు నన్ను యాడ అడిగినారమ్మా? మా అత్తనే కదా అడిగింది."

కేసు కాగితం తీసి, అందులో అత్త చెప్పిన తేదీలన్నీ కొట్టేశాను.

పెద్ద డాక్టరమ్మ కోపం

పెద్ద డాక్టరమ్మకు చెప్పక తప్పదు. చెప్పాను. నేననుకున్నట్టే మండిపడ్డారు. గవర్నమెంటు ఎక్స్‌రే, మద్రాసు ల్యాబు, ఇంతమంది సమయం, అంతా ఒక అబద్ధం మీద నడిచిందా అన్నారు. కాసేపు అరవనిచ్చాను. ఆవిడ దగ్గర పని చేయాలంటే అది నేర్చుకోవాలి. తర్వాత చెప్పాను: ఆరు నెలలకోసారి ముట్టు, గడ్డం మీద వెంట్రుకలు, గుడ్డు విడుదల కాని పొర. సన్నగా ఉన్నా ఇది ఆ జబ్బే. పొట్ట కోయకముందు మాత్రలు ఒకసారి చూద్దాం. ఇప్పుడు కోసి, అది పని చేయకపోతే, ఆడి నెల పోయేసరికి ఈ పిల్ల కుట్లతో మూలన కూర్చుంటుంది.

పెద్ద డాక్టరమ్మ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. "ఆడిదాకా నీ మాత్రలు. ఆ తర్వాత నా కత్తి. ఆ ముసలిదాన్ని పిలువు" అన్నారు.

కుప్పమ్మ వచ్చి నిలబడింది. అబద్ధమంటే గిట్టని మనిషి, ఇప్పుడు ఇంతా బయటపెట్టేస్తారేమో అనుకున్నాను. ఆవిడ కుప్పమ్మ వైపు చూసి, తడుముకోకుండా, "నీ కోడలికి రక్తం లేదు. ఇట్లాంటి మనిషిని కోస్తే నా చేతుల్లో పోతుంది. మందులిస్తాము, ఒంట్లో బలం రానీ, ఆడి పోయినాక కోస్తా. ఈలోపల ఆమెతో ఎక్కువ పని చేయించావంటే ఊరుకోను" అన్నారు.

కుప్పమ్మ వెళ్లాక నా వైపు తిరిగి, "ఏం చూస్తావు? ఆమె అబద్ధం ఆమెది, నాది వైద్యం" అన్నారు. ఆవిడతో నాకు చాలా విషయాల్లో పడలేదు. ఆ రోజు మాత్రం ఆవిడంటే నాకు ప్రేమ కలిగింది.

కరెంటు వేళలు

మందుల సంగతి సులువు. ముందు ముట్టు రప్పించే మాత్రలు, అది వచ్చిన అయిదో రోజు నుంచి గుడ్డు పండించే మాత్రలు. మద్రాసులో చదువుకుంటున్న మా తమ్ముడు కొని బస్సు కండక్టరు చేతికిచ్చేవాడు. నిజమైన ముట్టు వచ్చింది కాబట్టి మునిలక్ష్మి నిజంగానే బయట చేరింది. కుప్పమ్మకు తేడా తెలియలేదు.

మొదటి నెల ఏమీ కాలేదు. రెండో నెల మోతాదు పెంచాను. ఏమీ కాలేదు. పెద్ద డాక్టరమ్మ కత్తులు కాగే స్టెరిలైజర్ వైపు ఒకసారి చూశారు.

అప్పుడు మునిలక్ష్మిని కూర్చోబెట్టి, మందు వదిలేసి, మిగతా దినచర్య అడిగాను. ఎన్నింటికి లేస్తావు, ఎన్నింటికి పడుకుంటావు, ఆయన ఎప్పుడు వస్తాడు. ఆ రోజుల్లో కరెంటు పగలు ఎప్పుడు పోతుందో ఎవరికీ తెలియదు. సరిగ్గా ఉండేది రాత్రిపూట. కాబట్టి ఏకాంబరం మగ్గం నడిపేది రాత్రిళ్లు. తెల్లారి వచ్చి పడుకునేవాడు. అదే సమయానికి ఆమె ముందు గదిలో కండెల దగ్గర కూర్చునేది, పక్కన అత్త. ఒకే ఇంట్లో ఉంటూ, వాళ్లిద్దరూ కలిసేది కరెంటు ఫ్యూజు పోయిన రాత్రి మాత్రమే. నేనేమో ఎక్కడో పుస్తకంలో చూసి, మద్రాసు మాత్రలతో గుడ్డు పండిస్తున్నాను!

"ఏకాంబరానికి చెప్పాలి. అన్నీ చెప్పాలి. నన్ను చెప్పమంటావా?" అన్నాను.

"వద్దమ్మా. నేనే సెప్తా" అంది.

మరుసటి వారం ఏకాంబరం ఒక్కడే వచ్చాడు. తువ్వాలు నలుపుతూ నిలబడ్డాడు. "అంతా సెప్పినాదమ్మా" అన్నాడు. ఏళ్ల తరబడి భార్య నటిస్తోందని తెలిసిన మొగుడు ఏమంటాడో అని నేను కాస్త జాగ్రత్తగా కూర్చున్నాను. అతను, "మా అమ్మకి సెప్పొద్దండి. తట్టుకోలేదు. మీరు ఏ దినాలు సెప్తే ఆ దినాలు నేను మగ్గం ఆపేస్తా. మోటారు కాలిపోయినాదని సెప్తాలే" అన్నాడు.

అలా ఆ ఇంట్లో ఇంకో అబద్ధం చేరింది. మూడో నెల, నేను చెప్పిన వారం, నగరిలో ఆ ఒక్క షెడ్డులో రాత్రిపూట చప్పుడు లేదట.

గోళ్లు

ఆడి నెల పోయింది. కుప్పమ్మ ఒక పొద్దున మునిలక్ష్మిని వెంటబెట్టుకుని వచ్చింది. కూతురి బిడ్డతో ఏకాంబరం పెళ్లికి మాటిచ్చే లోపల, ఆపరేషన్ ఉందో లేదో అడిగి పోదామని వచ్చింది. మునిలక్ష్మి ముఖం పాలిపోయి ఉంది. పరీక్ష గదిలోకి వస్తూనే నా చెయ్యి పట్టుకుంది.

"రాలేదమ్మా. రెండు నెలలుగా రాలేదు. నాకు బయమేసి రెండుతూర్లూ బయట కూసున్నా."

ఎందుకు భయమో నేను అడగలేదు. పాత గాజుల సంగతి తెలుసు కదా. పరీక్ష చేశాను. గర్భసంచి నిమ్మకాయ స్థాయి దాటి పెద్ద బత్తాయంత ఉంది, మెత్తగా ఉంది. నా చెయ్యిని నేనే నమ్మలేక పెద్ద డాక్టరమ్మను పిలిచాను. ఆవిడ చూసి, చేతొడుగులు విప్పుతూ, "కడుపే" అన్నారు.

బయటికి వచ్చి కుప్పమ్మకు చెబితే ఆవిడ ఎగిరి గంతేయలేదు. "పోయిన నెల బయట సేరినాది కదా?" అంది.

"ఒక్కోసారి కడుపున్నా కనబడుతుంది. ఇన్నేండ్లుగా చేస్తున్న పని, నువ్వొచ్చి నాకు లెక్క నేర్పిస్తావా?" అని పెద్ద డాక్టరమ్మ కసురుకున్నారు.

కుప్పమ్మ బెంచీ మీద కూర్చుంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఇంతకు ముందర రెండుతూర్లు ఇట్నే అనుకున్నానమ్మా. వీదంతా సెప్పుకుని నగుబాటు అయినా. ఈతూరి ఎవురికీ సెప్పను. గాజులు గూడా కొనను" అంది. ఆ ఇంట్లో ఆశ పెట్టుకుని కాలిపోయింది కోడలు ఒక్కతే కాదని నాకు అప్పుడు అర్థమయింది. అంతవరకూ కుప్పమ్మ అంటే నాకు చిరాకు తప్ప మరేమీ ఉండేది కాదు.

నెలలు నిండి కాన్పుకు వచ్చారు. కోడలు చివరిసారి బయట చేరిన నాటినుంచి వేసుకున్న కుప్పమ్మ లెక్క ప్రకారం ఎనిమిదో నెల నిండలేదు. ఏడో నెల బిడ్డ బతికినా ఎనిమిదో నెల బిడ్డ బతకదని మన వైపు నమ్మకం. ఆవిడ ఆ రోజంతా వరండాలో దేవుళ్లను తిడుతూనో మొక్కుతూనో తిరిగింది. సాయంత్రానికి ఆడబిడ్డ పుట్టింది. గొంతు చూస్తే మగ్గం మోటారంత.

పెద్ద డాక్టరమ్మ బిడ్డను గుడ్డలో చుట్టి కుప్పమ్మ ఒళ్లో పెట్టి, "ఎనిమిదో నెల బిడ్డ కాదు. కావాలంటే గోళ్లు చూడు" అన్నారు. నెలలు నిండిన బిడ్డకు గోళ్లు వేలి చివరదాకా వస్తాయి. కాన్పులు చూసిన ఏ ముసలావిడకైనా ఆ సంగతి తెలుసు.

కుప్పమ్మ బిడ్డ గుప్పిట విప్పి గోళ్లు చూసింది. తర్వాత కోడలి వైపు చాలాసేపు చూసింది. ఇన్నేళ్ల లెక్క ఆవిడకు ఆ క్షణంలోనే అర్థమయిందని నా అనుమానం. తర్వాత మునిలక్ష్మి ఎప్పుడో చెప్పింది, ఆ ఇంట్లో మళ్లీ ఎవరూ ఆమె నెల లెక్క అడగలేదట. ఏకాంబరం అక్క కూతురి పెళ్లి వేరే అబ్బాయితో జరిగింది.

ఒకే కషాయం

ఈ కథ విని, మాత్రలు మంచివి, కత్తి చెడ్డది అనుకుంటే మీకు ఏమీ అర్థం కాలేదన్నమాట. అవే మాత్రలు చిత్తూరులో బెల్లం మండీ యజమాని భార్యకు ఏడాది ఇచ్చాను. గుడ్డు పండలేదు. ఆమె లావు. ఆ ఇంటి ఆడవాళ్లు వీధిలో నడిస్తే మర్యాద తక్కువ, పెరట్లోకి పోవాలన్నా పనిమనిషే. బరువు తగ్గకపోతే మందు పనిచేయదని చెప్పి, మండీ వెనక బెల్లం ఆరబెట్టే పెద్ద డాబా మీద పొద్దునా సాయంత్రం నడవమన్నాను. ఎవరూ చూడరు కదా. మొదట్లో నవ్వారు. తర్వాత మందు కూడా లేకుండానే ముట్టు దారిలో పడింది.

చంద్రగిరిలో పెళ్లికాని టీచరు ఒకామె బిడ్డల కోసం రాలేదు, గడ్డం మీద వెంట్రుకల కోసం వచ్చింది. బోర్డు వైపు తిరిగి రాస్తుంటే వెనక పిల్లలు నవ్వుతారని బయటికి చెప్పలేక చెప్పింది. మాలో కొందరు ఆమెకు రాసిన మందు, "పెండ్లి చేసుకో, అన్నీ సర్దుకుంటాయి". అది మందు కాదు, మనకు చేతకాదని చెప్పే పద్ధతి. ఆమెకు పనికొచ్చేవి కుటుంబ నియంత్రణ మాత్రలు. పెళ్లికాని పంతులమ్మ చంద్రగిరి మందుల అంగడిలో ఆ మాత్రలు అడిగితే ఇంక ఉద్యోగం చేసినట్టే. అందుకని నేనే విడి కాగితంలో కట్టి ఇచ్చేదాన్ని. వెంట్రుకలు పూర్తిగా పోవని కూడా ముందే చెప్పాను. ఆమె పదేళ్లు నా దగ్గరికే వచ్చింది.

ముట్టు రాకపోవడం హాయి అనుకునేవాళ్లను మాత్రం వదలకండి. వడమాలపేట నుంచి ఒకావిడ అలాగే హాయిగా ఏళ్ల తరబడి ఉండి, ఆగని రక్తంతో వచ్చింది. కదలిక లేని పొర మందమవుతూ పోయి, లోపల రాచపుండుగా మారింది. చాలా ఆలస్యమయింది. బిడ్డలు కావాలా వద్దా అన్నది వేరే సంగతి. ఏడాదిలో కొన్నిసార్లయినా ఆ పొర రాలాలి. అలాగే ఈ ఆడవాళ్లకు తర్వాత షుగరు వచ్చే అవకాశం ఎక్కువ. బిడ్డ పుట్టగానే మన పని అయిపోయిందని చేతులు దులుపుకోవద్దు.

ఒక్క జబ్బే, కానీ వైద్యం సన్నటి నేతమనిషికి ఒకటి, లావాటి మండీ ఆవిడకు ఒకటి, పంతులమ్మకు ఒకటి. అందరికీ ఒకే కషాయం పోసేవాళ్లు డాక్టర్లు కారు.

స్కాను వచ్చాక

ఎనభైల చివర్లో మా ప్రాంతానికి స్కాను వచ్చింది. అప్పటికి నేను చిత్తూరులో ఉన్నాను. పెద్ద డాక్టరమ్మ రిటైరయి వెళ్లిపోయారు. నల్లటి ఫిల్ము మీద అండాశయం అంచున ముత్యాల్లాగా బుడగలు మొదటిసారి చూసినప్పుడు, చేత్తో తడిమి ఊహించుకున్నది ఇదా అని ఆశ్చర్యంగా ఉండింది. ఆ ఆశ్చర్యం నాకు తొందరగానే పోయింది. కుర్ర డాక్టర్లు ఫిల్మును చూసినంత శ్రద్ధగా మనిషిని చూడటం మానేశారు.

ఆ రోజుల్లోనే ఒక మధ్యాహ్నం ముగ్గురు ఆడవాళ్లు నా గదిలోకి వచ్చారు. ముందు కుప్పమ్మ, నడుం వంగిపోయి కర్ర పట్టుకుని ఉంది. వెనక మునిలక్ష్మి. ఆ వెనక పదిహేనేళ్ల పిల్ల, చేతిలో స్కాను కవరు. గోళ్లు చూసిన ఆ బిడ్డే. గడ్డం కింద సన్నటి నూగు ఉంది. ఈ జబ్బు కొన్ని ఇళ్లలో తల్లినుంచి బిడ్డకు నడుస్తుంది.

నేను పిల్లను పేరు అడిగేలోపలే కుప్పమ్మ స్టూలు మీద చతికిలబడింది. గొంతు మాత్రం పాతదే. "డాక్టరమ్మా, మా మనవరాలికి నెల నెలా..." అని మొదలుపెట్టింది.

మునిలక్ష్మి అత్త భుజం మీద చెయ్యి వేసింది. మెత్తగానే అంది.

"లెయ్యత్తా. మనం పోయి వరండాలో కూసుందాం. డాక్టరమ్మ దాన్నే అడగనీ."

కుప్పమ్మ ఒక్క క్షణం కోడలి ముఖంలోకి చూసింది. తర్వాత కర్ర అందుకుని లేచింది. ఇద్దరూ బయటికి వెళ్లారు. మునిలక్ష్మి వెళుతూ వెళుతూ తలుపు దగ్గరగా వేసింది.

తలుపు మూసుకునేదాకా పిల్ల అటే చూసింది. నేను స్కాను కవరు విప్పకుండా పక్కన పెట్టి, కుర్చీ ఆమె వైపు జరుపుకుని, "చెప్పమ్మా" అన్నాను.